పక్క వాల్వ్ వేయండి

మార్చి 4, మంగళవారం

ఇవాళ పొద్దుటి నుంచి దుప్పట్ల గదిలో కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను. ఎవరితోనూ కాదు, మైకుతో.

ఇది కొత్త హెచ్.ఆర్. అమ్మాయి ఆలోచన. దుప్పట్లూ తువ్వాళ్ళూ పైకప్పు దాకా పేర్చి ఉంటాయి కాబట్టి ఆ గదిలో గొంతు మార్మోగదట. నిజమే, మోగలేదు. చెమట మాత్రం ధారగా కారింది. గుయ్యిమని చప్పుడొస్తుందని ఫ్యాన్ కూడా పెట్టనివ్వలేదు.

ఇన్నాళ్ళూ ఈ లాండ్రీలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ పని నేర్పింది నేనే. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు లారీల్లో వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఆవిరి రోలర్ల మధ్య నుంచి పంపి ఇస్త్రీ చేసి, మడతపెట్టి వెనక్కి పంపుతాం. యంత్రం పక్కన నిలబెట్టి, చెయ్యి పట్టుకుని, అవసరమైతే నాలుగు తిట్టి నేర్పేదాన్ని. అందుకే అందరికీ నేను టీచరమ్మని. ఇకమీదట ట్రైనింగ్ అంతా ఆన్‌లైన్. కంప్యూటర్ ముందు కూర్చుంటే నా గొంతు పాఠం చెబుతుంది. చివర క్విజ్ ఉంటుంది. పాసైతే సర్టిఫికెట్. ఏజెన్సీ వాళ్ళు ఇంగ్లీషులోంచి తెలుగు చేసి పంపింది చదవడమే నా పని.

నా గొంతు చాలా బాగుంటుందని ఆ అమ్మాయి అంది. నలభై దాటాక ఒక మనిషి నా గొంతు బాగుందంటే పొంగిపోయి సరేనన్నాను. సిగ్గులేదు నాకు.

చివర్లో పాఠంతో సంబంధం లేని వాక్యాలు కూడా బోలెడు చదివించారు. కప్పల గురించి, రైళ్ళ గురించి, వాన గురించి. ఒకసారి నవ్వుతూ, ఒకసారి ఏడుపు గొంతుతో, ఒకసారి కోపంగా. వాయిస్ శాంపిల్ అట. కోపం మాత్రం మొదటి టేకుకే ఓకే అయింది.

మార్చి 6

ఇంట్లో రికార్డింగ్ వినిపించాను. ఇంత మెత్తగా మాట్లాడటం వచ్చినదానివి మాతో ఎప్పుడూ మాట్లాడలేదేమమ్మా అన్నారు అత్తయ్య.

మార్చి 17, సోమవారం

ఆన్‌లైన్ ట్రైనింగ్ మొదలైంది. క్యాంటీన్ వెనక గదిలో కంప్యూటర్లు పెట్టారు. ఒక్కొక్కరూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అందరి చెవుల్లోనూ నేనే వాగుతున్నాను, గదిలో మాత్రం చీమ చిటుక్కుమనడం లేదు. అదోలా అనిపించింది.

ఇస్త్రీ హాల్లో అందరికంటే పాత మనిషి పెద్దక్క. మౌస్‌ను తడిగుడ్డను పిండినట్టు పిండేసింది. ఎటు లాగితే అటు పోదేమే పిల్లా ఇది అని, అదేదో నేను కనిపెట్టినట్టు నన్ను తిట్టింది. అయినా పట్టు వదలకుండా పాసైంది.

ఆరబెట్టే సెక్షన్ అమ్మాయి ఒకత్తి నిజం చెప్పింది. మీరైతే రెండోసారి అడిగితే కసురుతారు టీచరమ్మా, ఇదైతే ఎన్నిసార్లు నొక్కినా విసుక్కోదు అంది. చురుక్కుమంది నాకు. కానీ అబద్ధమేమీ కాదుగా. ఆ మాట గురించి ఇంటికొచ్చాక కూడా ఆలోచించాను.

ఆఖరికి గదిలో మిగిలింది నిదానం. అతని అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ ఎవరూ వాడరు. ఆవిరి గొట్టాలూ వాల్వ్‌లూ అతని పని. ఏది ముట్టుకోబోయినా ముందు నిదానం, నిదానం అని తనకు తానే చెప్పుకుంటాడు. అదే పేరైపోయింది. ఒక్కో స్లైడూ మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాడు. తాళం వేసే మనిషి వచ్చి దగ్గినా లేవలేదు. వందకు వంద వచ్చింది. సర్టిఫికెట్ ప్రింటు తీయించుకుని, మడత పడుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు.

మార్చి 28

నేర్పించుకోవడానికి నా దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని స్టోర్‌లో సబ్బుపొడి బస్తాలు చూసుకోమన్నారు.

ఏప్రిల్ 9, బుధవారం, సాయంత్రం

పెద్దక్క చెయ్యి కాలింది.

ముంజేయి అంతా. ఈమధ్య వచ్చిన కొత్త రోలర్ దగ్గర. శుభ్రం చేసే వేళ అది. నిదానం యంత్రం ఆపి, పక్క వాల్వ్ సంగతి చూసి, ఇక తియ్యక్కా అన్నాడట. పెద్దక్క పైమూత తీసింది. లోపలి నుంచి ఆవిరి బుస్సుమని చేతి మీదికి కొట్టింది.

నేను స్టోర్‌లో ఉన్నాను. ఆ అరుపు విని ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. వెళ్ళేసరికి నిదానం ఆమె చేతి మీద నీళ్ళు పోస్తున్నాడు. చాలు, కారు వచ్చింది అని అందరూ అంటున్నా పోస్తూనే ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. బకెట్టు నేనే లాక్కోవాల్సి వచ్చింది.

నయమవుతుంది గానీ టైము పడుతుంది అన్నారు డాక్టరు. వేళ్ళు కదులుతున్నాయి. అంతవరకు నయం.



ఏప్రిల్ 10, గురువారం

మెకానిక్ వచ్చి చూశాడు. యంత్రం బాగానే ఉందట. పక్క వాల్వ్ తెరిచి ఉందట, అదే కారణం.

పాత రోలరూ కొత్త రోలరూ ఒకే ఆవిరి గొట్టం మీద ఉన్నాయి. కొత్తదాని మూత తీసే ముందు పక్క వాల్వ్ మూసేయాలి. మూయకపోతే పాతదానికి వెళ్ళే ఆవిరి ఇందులోకి కూడా వచ్చేస్తుంది. మామూలుగా శుభ్రం చేసే వేళకు రెండూ ఆగి ఉంటాయి కాబట్టి మూసినా తెరిచినా ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న ఒక ఆసుపత్రి వాళ్ళు అర్జెంటు అన్నారని పాతదాన్ని నడుపుతూనే ఉన్నారు.

హెచ్.ఆర్. అమ్మాయి నిదానం రికార్డు తెర మీద పెట్టి చూపించింది. పాఠం మొత్తం విన్నాడు. ఆ స్లైడైతే అందరికంటే ఎక్కువసార్లు విన్నాడు. క్విజ్‌లో సరిగ్గా అదే ప్రశ్న. మూత తీసే ముందు ఏం చేయాలి? పక్క వాల్వ్ వేయాలి. కరెక్టు జవాబే పెట్టాడు. తెలియక చేస్తే వేరు, తెలిసి చేశాడు కదా మేడమ్ అంది. ఆ అమ్మాయి గొంతులో కక్ష ఏమీ లేదు, బాధే ఉంది.

సస్పెండ్ చేశారు. విచారణ జరుగుతుంది. నిర్లక్ష్యం అని తేలితే ఉద్యోగం పోతుంది. ఈ ఒక్క ఉద్యోగంతో పోదు. నిర్లక్ష్యం అని కాగితం మీద పడిన మనిషిని ఆవిరి ఉన్న ఏ చోటికీ రానివ్వరు. అతనికి చేతనైన పని అదొక్కటే.

నాకైతే అతని మీద ఒళ్ళు మండిపోయింది. పక్క వాల్వ్ వేయండి అని ఆ పాఠంలో చెప్పింది నేను. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఇంతకంటే ఎలా చెప్పాలి?

ఏప్రిల్ 12

ఆసుపత్రికి వెళ్ళాను. వాడి మొహం నాకు చూపించకండి అని గోడవైపు తిరిగి పడుకుంది పెద్దక్క.

ఏప్రిల్ 14, సోమవారం

నిదానం ఇంటికి వెళ్ళాను. ఓదార్చడానికని ఇంట్లో చెప్పాను గానీ, నిజానికి నాలుగు దులుపుదామనే వెళ్ళాను.

మెట్ల కింద గది. తలుపు తీసింది అతని భార్య. నా గొంతు వినగానే ఆమె మొహం మారిపోయింది. మీరేనా ఆ పాఠం చెప్పేది అంది. అవునన్నాను. ఆయన ఇంట్లో కూడా ఫోన్లో అదే పెట్టుకుని వినేవారు, మీ గొంతు విని విని నాకు విరక్తి పుట్టింది అంది. కూర్చోమని అనలేదు. నేనే కూర్చున్నాను.

నిదానం గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. నా ఉపన్యాసం నేను మొదలుపెట్టాను. వాల్వ్ ఎందుకు వేయలేదయ్యా అని అడిగాను. వేశాను టీచరమ్మగారూ అన్నాడు. వేస్తే ఇలా ఎందుకవుతుంది అన్నాను. నాకూ అదే అర్థం కావడం లేదండీ, మీరు చెప్పినట్టే వేశాను అన్నాడు. అబద్ధాలాడకు అని కసిరాను. పెద్దక్క చెయ్యి మీద ఒట్టు, వేశాను, రోజూ వేస్తూనే ఉన్నాను అన్నాడు. అని ఏడ్చాడు. అంత మనిషి భుజాలు కదిలిపోతుంటే ఎటు చూడాలో తెలియలేదు.

నువ్వు వేయలేదని నేనంటాను, వేశానని అతనంటాడు. తల ప్రాణం తోకకొచ్చింది. బస్సులో వస్తూ ఆలోచించాను. ఈ మనిషి అబద్ధం చెప్పడం లేదు. వాల్వ్ తెరిచి ఉన్న మాటా అబద్ధం కాదు. రెండూ నిజమైతే మధ్యలో ఏదో ఉండాలి.

ఏప్రిల్ 16, బుధవారం

దొరికింది.

పని నుంచి ఇంటికొచ్చాను. బయట ఒకటే దుమ్ము, ఉక్కపోత. అత్తయ్య మంచం మీద పడుకుని, నేను లోపలికి అడుగుపెట్టానో లేదో, తలుపేసి ఫ్యానెయ్యమ్మా తల్లీ అన్నారు.

ఒక చేత్తో తలుపేశాను. ఇంకో చేత్తో ఫ్యానేశాను. అలాగే నిలబడిపోయాను.

తలుపు వేయడమంటే మూయడం. ఫ్యాన్ వేయడమంటే తిరిగేలా చేయడం. తలుపేస్తే గాలి ఆగుతుంది, ఫ్యానేస్తే గాలి వస్తుంది. ఒకటే మాట. పుట్టినప్పటి నుంచి రోజుకు వందసార్లు అంటున్నాను, ఒక్కనాడూ ఇది తట్టలేదు. గేటు వేయి, మోటారు వేయి. కిటికీ వేయి, లైటు వేయి. మరి వాల్వ్?

నాకు వాల్వ్ అంటే గేటు లాంటిది. వేయడమంటే మూయడమే. నిదానానికి వాల్వ్ అంటే మోటారు లాంటిది. పైగా పాత రోలర్‌కు పక్క వాల్వ్ తెరిస్తే మిగిలిన ఆవిరి బయటికి పోయేది. ఇన్నేళ్ళూ శుభ్రం చేసే ముందు దాన్ని తెరుస్తూనే ఉన్నాడు. కొత్తదాని దగ్గరా వేయండి అని నా గొంతు చెబితే, ఓహో ఇక్కడా అంతే కాబోలు అని తెరిచాడు.

క్విజ్ అడిగింది, ఏం చేయాలి? వేయాలి. కరెక్ట్. మూసేవాడికీ వందే, తెరిచేవాడికీ వందే.

గుమ్మంలో అలా కొయ్యబొమ్మలా నిలబడ్డావేమమ్మా అని అత్తయ్య అడిగారు. అత్తయ్యా, మీరొక మనిషి ఉద్యోగం కాపాడారేమో అన్నాను. అయితే టీ పెట్టు అన్నారు.

ఏప్రిల్ 17, గురువారం

ఇది నా పిచ్చేమోనని అనుమానం. అందుకే ఇవాళ భోజనాల వేళ ఎందుకో చెప్పకుండా హాల్లో అందరినీ అడిగాను. ఎదురుగా చక్రం ఉందనుకుని గాల్లో చెయ్యి తిప్పి చూపించండి, పక్క వాల్వ్ వేయండి అన్నాను.

తిప్పారు. కొందరు మూస్తున్నట్టు కుడికి, కొందరు తెరుస్తున్నట్టు ఎడమకి. దాదాపు సగం సగం. చేతులు గాల్లో ఉండగానే ఒకరినొకరు చూసుకున్నారు. మడతల దగ్గర పనిచేసే అక్కాచెల్లెళ్ళు ఉన్నారు, ఒకే ఇంట్లో పుట్టి ఒకే కంచంలో తిన్నవాళ్ళు. అక్క మూసింది, చెల్లెలు తెరిచింది. నీకు మొదటి నుంచీ బుర్ర తక్కువే అని ఇద్దరూ ఒకరినొకరు అనుకున్నారు. రెండో షిఫ్టులో ఆవిరి పని చూసే మనిషి, వేయడమంటే మూయడమే కదా, ఇందులో అడగడానికేముంది అని నవ్వాడు. అతని అదృష్టం. పెద్దక్క అతని షిఫ్టులో లేకపోవడం ఆమె దురదృష్టం.

నేను యంత్రం పక్కన నిలబడి నేర్పిన రోజుల్లో ఈ మాటతో పనే పడేది కాదు. ఇదిగో ఇలా అని తిప్పి చూపించేదాన్ని. వాళ్ళు తప్పు తిప్పితే చేతి మీద ఒకటి వేసేదాన్ని. ఇదిగో ఇలా అన్నది రికార్డు చేయడం కుదరదు. అయినా పాఠాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. నేను కసురుతానని అడగడం మానేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళు ఏం తప్పు నేర్చుకుని పోయారో నాకు తెలియదు. పాఠానికి విసుగు లేదు, నాకు కళ్ళున్నాయి. రెండూ ఒకచోట ఉండకూడదా?

ఏప్రిల్ 19, శనివారం

హెచ్.ఆర్. అమ్మాయికి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది, ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టుకుంది. చాలా విలువైన ఫీడ్‌బ్యాక్ మేడమ్ అంది. ఫీడ్‌బ్యాకా, నా మొహమా. విచారణలో ఈ మాట చెప్పాలి అన్నాను. సాక్షిగా మిమ్మల్ని కూడా పిలిపిస్తాను అంది.

మా ఆయన స్కూలు బస్సు నడుపుతారు. ఇంట్లో కూడా హారన్ కొట్టినట్టే మాట్లాడతారు. రాసింది ఏజెన్సీ వాళ్ళు, తిప్పింది అతను, నడుమ నీకెందుకు ఈ గోల, నీ ఉద్యోగానికి ఎసరు పెట్టుకోకు అన్నారు. గొంతు నాదండీ అన్నాను. గొంతుకు జీతం ఇస్తున్నారా అన్నారు. ఇవ్వడం లేదు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఏప్రిల్ 24, గురువారం

విచారణ అయింది.

విచారణకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యారట. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంటుంది, దాని పైనుంచి చూస్తారు. ఒక పక్క హెచ్.ఆర్. అమ్మాయి, ఇంకో పక్క నిదానం. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోవయ్యా అన్నాను.

నేను చెప్పాల్సింది చెప్పాను. తలుపూ ఫ్యానూ గేటూ మోటారూ అన్నీ చెప్పాను. పెద్దాయన సరే, ఆ పాఠం వినిపించండి అన్నారు. హెచ్.ఆర్. అమ్మాయి స్లైడు తెరిచింది.

“యంత్రం ఆపిన తర్వాత పక్క వాల్వ్‌ను పూర్తిగా మూసివేయండి. ఆ తర్వాతే పైమూత తీయండి.”

నా గొంతే. నా మెత్తని గొంతే.

నేనలా చదవలేదు అన్నాను. మళ్ళీ పెట్టించారు. మూసివేయండి. ఇది మీ గొంతు కాదా అని అడిగారు పెద్దాయన. నాదేనండీ అన్నాను. మరి మీరు చదవలేదా? లేదండీ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, ఈవిడకు మతి సరిగా లేదు అనుకునేవాళ్ళు అలాగే తుడుచుకుంటారు. నిదానం నావైపు చూశాడు. మళ్ళీ తెరవైపు చూశాడు. అతనికి కూడా అనుమానం వచ్చింది, తనే తప్పు విన్నానేమోనని. అది చూశాక నాకు ఏడుపొచ్చింది. నాకు అంత తేలిగ్గా రాదు.

నాకు సాక్షిగా ఉండాల్సిన నా గొంతే ఎదురు తిరిగి కూర్చుంది. నేను అన్నది నేనే అనలేదని చెబుతోంది, అదీ నాకంటే స్పష్టంగా.

అప్పుడు హెచ్.ఆర్. అమ్మాయి చాలా చిన్న గొంతుతో, అది మారింది సార్ అంది. మేడమ్ చెప్పిన రోజే నేను ఏజెన్సీకి రాశాను, వాళ్ళు వెంటనే సరిచేశారు, మేడమ్ వాయిస్ శాంపిల్ ఉంది కాబట్టి సాఫ్ట్‌వేరే చదివేస్తుంది, పాత వాక్యం పక్క వాల్వ్ వేయండి అనే ఉండేది అంది. చెప్పకపోయినా ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. చెప్పింది. ఆ పిల్ల తల్లి ఎవరో గానీ దండం పెట్టాలనిపించింది.

అయితే వెంటనే ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది. కానీ సార్, రెండిటి అర్థం ఒకటే, వేయండి అంటే మూయండి అనే ఎవరైనా అనుకుంటారు అని కలిపింది.

నేను లేచాను. సార్, మీరిద్దరూ నా కోసం ఒక్కసారి చెయ్యెత్తండి, ఎదురుగా వాల్వ్ చక్రం ఉందనుకోండి, పక్క వాల్వ్ వేయండి అన్నాను. రికార్డు చేసిన నాటి గొంతుతోనే అన్నాను.

హెచ్.ఆర్. అమ్మాయి చెయ్యి కుడికి తిరిగింది. పెద్దాయన చెయ్యి ఎడమకి తిరిగింది.

ఇద్దరూ తమ చేతులను తామే చూసుకున్నారు. పెద్దాయన తన చేతిని బల్ల కింద పెట్టుకుని, కాగితం మీద చాలాసేపు రాశారు. నిదానం అప్పుడు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

ఏప్రిల్ 25

గొంతు బొంగురుపోయింది. మా ఆయన టార్చిలైటు వేసి చూసి, ఇది అసలుదేనా అని నవ్వారు.

మే 5, సోమవారం

విచారణ రిపోర్టు వచ్చింది. నిర్లక్ష్యం రుజువు కాలేదు. శిక్షణ భాషలో అస్పష్టత ఉంది. ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకోవాలి. వచ్చే సోమవారం నుంచి రావచ్చు, ఆలోపు అందరికీ ఒక రిఫ్రెషర్ కోర్సు తయారవుతుందట. కోర్సు కోసం లోపలికి రానిస్తారు గానీ, అది పాసైతేనే ఆ తర్వాత గేటు దగ్గర కార్డు పనిచేస్తుంది.

పెద్దక్క ఇంటికి నేనూ నిదానమూ కలిసి వెళ్ళాం. చేతికి కట్టు ఉంది. అతన్ని చూసి లోపలికి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. జరిగిందంతా నేను చెబితే వింది. ఒరే మొద్దూ, అనుమానం వస్తే అడగొద్దా అని తిట్టింది. అనుమానం వస్తే అడిగేవాణ్ణే అక్కా, రాలేదు అన్నాడు. తెలియని దాన్ని అడగవచ్చు. తెలిసిందనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు?

తర్వాత పెద్దక్క తన కట్టు చూపించి, ఇది విప్పి మళ్ళీ కట్టాలి, నీళ్ళు తేరా అంది. అతను నిదానం, నిదానం అనుకుంటూ లోపలికి వెళ్ళాడు.

మే 12, సోమవారం

రిఫ్రెషర్ కోర్సు. నేను చదవలేదు, నన్నెవరూ పిలవలేదు, కానీ గొంతు నాదే. ఉద్యోగులందరికీ తప్పనిసరి కాబట్టి నేనూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. నాకు నేనే పాఠం చెప్పించుకోవడం. నవ్వొచ్చింది, ఆఖరి స్లైడు దాకా.

ఆఖరి స్లైడులో ప్రశ్న ఇది.

“గత నెల మన సంస్థలో జరిగిన ప్రమాదానికి కారణం ఏమిటి? అ) యంత్ర లోపం. ఆ) ఉద్యోగి అజాగ్రత్త. ఇ) వాతావరణం.”

యంత్ర లోపం అని పెట్టాను. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి అంది నా గొంతు. వాతావరణం అని పెట్టాను. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి. ఏమాత్రం విసుగు లేకుండా.

అంటే విచారణలో తేలనిదాన్ని ఇక్కడ అందరి చేతా ఒప్పిస్తున్నారు. ఒక్కొక్కరి పేరు మీద, ఒక్కొక్క క్లిక్కుతో. నిదానం చేత కూడా. అతను టిక్కు పెడితేనే పని. పెడితే, నేనే అజాగ్రత్తగా చేశాను అని తనే ఒప్పుకున్నట్టు రికార్డు అవుతుంది. దాన్ని మళ్ళీ ఏ పెద్దాయనా కొట్టేయలేడు.

హెచ్.ఆర్. అమ్మాయిని నిలదీశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి. ప్రశ్నలు పైఆఫీసు నుంచి వచ్చాయి మేడమ్, నేను మార్చలేను అంది.

నిదానం నా పక్క కంప్యూటర్ దగ్గరే ఉన్నాడు. ఆ స్లైడు దగ్గర ఆగిపోయాడు. మౌస్ మీద చెయ్యి పెడతాడు, తీస్తాడు. నేను నోరు తెరిచేలోపు పెద్దక్క లేచి అతని వెనక నిలబడింది. కట్టు తీసేశారు, చేతి మీద చర్మం ఇంకా గులాబీ రంగులో ఉంది. కాలింది నా చెయ్యిరా, నీది కాదు, నేను పెట్టని టిక్కు నువ్వెందుకు పెడతావు అంది. వెళ్ళి తన కంప్యూటర్‌లో వాతావరణం మీద నొక్కింది. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి అంది యంత్రం. పోవే అంది పెద్దక్క.

అందరూ హెడ్‌ఫోన్లు తీసి బల్లల మీద పెట్టేశారు. ఒక్కో బల్ల మీది నుంచీ సన్నగా నా గొంతు వినిపిస్తోంది, మళ్ళీ ప్రయత్నించండి, మళ్ళీ ప్రయత్నించండి అని. ఆ మాట మాత్రం నచ్చింది నాకు. అందరం మళ్ళీ వాతావరణమే పెట్టాం.

మే 13, ఉదయం

మొదటి షిఫ్టు మొత్తం ఫెయిల్, గేటు దగ్గర ఒక్కరి కార్డూ పనిచేయలేదు. రెండో షిఫ్టు వాళ్ళు అప్పుడే వచ్చేసి గేటు బయట వరసలో నిలబడ్డారు, ఫెయిల్ కావడానికి.